ఎవరు, ఎవరిని, ఎప్పుడు అన్నారు? చిన్న పోస్టుల్లో భావమూ సందర్భమూ

'ఏరా, బాగున్నావా?'

ఈ రెండు మాటల్లో ఉన్నది ప్రేమా, అవమానమా? చిన్ననాటి స్నేహితుడు అంటే ప్రేమ. ఊళ్లో భూస్వామి కొడుకు, మూతిమీద మీసం కూడా రానివాడు, అరవై ఏళ్ల మాల పెద్దాయన్ని అట్లా పిలిస్తే అది తాతల నాటి పెత్తనం. మాట అదే, అక్షరం అదే. అన్నవాడెవరు, అనిపించుకున్నవాడెవరు అన్నదాన్ని బట్టి అర్థం తలకిందులవుతుంది. తెలుగు నేల మీద పుట్టిన ఏ దళితుడికీ ఈ తేడా ఎవరూ పాఠం చెప్పలేదు. పుట్టినప్పటి నుంచి వింటున్నదే.

ఇవాళ ఈ తేడాను యంత్రానికి నేర్పాల్సి వస్తోంది. ఫేస్‌బుక్, యూట్యూబ్, ఎక్స్ (2023 జూలై దాకా దీని పేరు ట్విట్టర్) లాంటి చోట్ల జనం రాసే మాటల్ని మనుషుల కంటే ముందు కంప్యూటర్ ప్రోగ్రాములు చదువుతున్నాయి. ఇది తిట్టా, పొగడ్తా, మామూలు మాటా అని గుర్తు వేస్తున్నాయి. ఆ గుర్తును బట్టి పోస్టు ఉండటమో, పోవటమో, పదిమందికి చేరటమో, మూలన పడటమో జరుగుతుంది. ప్రభుత్వాలూ, పార్టీలూ, కంపెనీలూ జనం ఏమనుకుంటున్నారో ఈ గుర్తులు లెక్కబెట్టి తెలుసుకుంటున్నాయి. కాబట్టి యంత్రం మన మాటను ఎట్లా చదువుతోంది అన్నది ఇంజనీర్లకు వదిలేసి కూర్చునే విషయం కాదు. మన మాట ఉండటం, పోవటం దాని మీద ఆధారపడి ఉంది.

ఈ వ్యాసంలో మూడు విషయాలు చూద్దాం. యంత్రం భావాన్ని ఎట్లా లెక్కేస్తుంది? చిన్న పోస్టు దగ్గర అది ఎందుకు తప్పుతుంది? సందర్భాన్ని కలిపితే ఏం మారుతుంది, ఏం మారదు? ఉదాహరణలుగా ఇచ్చిన పోస్టులు వివరణ కోసం కల్పించినవి. అట్లాంటివి పాఠకులు రోజూ చూస్తూనే ఉంటారు.

యంత్రం లెక్క

భావాన్ని లెక్కేయటంలో అన్నిటికంటే పాత పద్ధతి పదాల పట్టిక. మంచి మాటలు ఒక పక్క, చెడ్డ మాటలు ఒక పక్క రాసుకుంటారు. 'బాగుంది'కి ప్లస్ 1, 'దరిద్రం'కి మైనస్ 1. పోస్టులో వచ్చిన మార్కులన్నీ కూడితే భావం తేలుతుంది. తెలుగుకు కూడా ఇట్లాంటి పట్టిక ఉంది. అమితవ దాస్, శివాజీ బందోపాధ్యాయ 2010లో భారతీయ భాషలకు తయారుచేసిన పదకోశాల్లో బెంగాలీ, హిందీలతో పాటు తెలుగు కూడా చేరింది.

రెండో పద్ధతి ఉదాహరణలు చూపించి నేర్పటం. 2002లో బో పాంగ్, లిలియన్ లీ, శివకుమార్ వైద్యనాథన్ సినిమా సమీక్షలు తీసుకుని, ఏది మెచ్చుకున్నదో ఏది తిట్టినదో యంత్రం తనంతట తాను నేర్చుకునేట్టు చేశారు. ఇక్కడ పట్టిక మనిషి రాయడు. వేల సమీక్షలు చూసి ఏ మాట ఎటు మొగ్గుతుందో యంత్రమే లెక్క కట్టుకుంటుంది. 2009లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థులు అలెక్ గో, రిచా భయానీ, లీ హువాంగ్ ఇదే పనిని ట్విట్టర్ మీద చేశారు. మనుషులు గుర్తులు వేసే ఖర్చు లేకుండా, నవ్వు బొమ్మ ఉంటే మంచి, ఏడుపు బొమ్మ ఉంటే చెడు అని ధరించి 16 లక్షల ట్వీట్లతో యంత్రానికి నేర్పారు. తెలుగులో 2017లో హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పరిశోధకులు వార్తల నుంచి ఐదు వేలకు పైగా వాక్యాలు తీసుకుని గుర్తులు వేసి అందరికీ అందుబాటులో పెట్టారు.

ఈ పనులన్నీ విలువైనవే. కానీ ఒక తేడా గమనించాలి. సినిమా సమీక్షలో పేజీడు మాటలుంటాయి. ఒక మాట తప్పుదారి పట్టిస్తే పది మాటలు సరిదిద్దుతాయి. వార్తా వాక్యం అందరికీ అర్థమయ్యేట్టు రాస్తారు. పోస్టు సంగతి అట్లా కాదు. 2006లో మొదలైన ట్విట్టర్‌లో చాలా ఏళ్లు 140 అక్షరాలకే అనుమతి. 2017 నవంబర్‌లో దాన్ని 280 చేశారు. ఫేస్‌బుక్ కామెంటుకు అంత కట్టడి లేకపోయినా జనం రాసేది నాలుగు మాటలే. ఆ నాలుగు మాటలు కూడా ఎదుటివాడికి ముందే తెలిసిన సంగతి మీద నిలబడి ఉంటాయి. తెలిసినదాన్ని ఎవరూ మళ్లీ రాయరు. యంత్రానికి కావలసింది సరిగ్గా ఆ రాయని భాగమే.

పొగడ్త వేషంలో తిట్టు

ఒక దళిత విద్యార్థికి మెడికల్ సీటు వచ్చింది. తన ర్యాంకు పోస్టు చేశాడు. కింద ఒకడు రాశాడు: 'కంగ్రాట్స్ బ్రో, సూపర్. కోటా బాగా పనిచేసింది.' పక్కన చప్పట్ల బొమ్మ.

పదాల పట్టిక ప్రకారం లెక్కేద్దాం. కంగ్రాట్స్ ప్లస్ 1, సూపర్ ప్లస్ 1, బాగా ప్లస్ 1, చప్పట్లు ప్లస్ 1. మొత్తం ప్లస్ 4. యంత్రం దృష్టిలో ఇంతకంటే ఆనందకరమైన కామెంటు లేదు! కానీ ఆ పిల్లవాడి గుండెలో గుచ్చుకున్నది 'కోటా' అన్న ఒక్క మాట. ఆ మాట నిఘంటువులో తిట్టు కాదు. రేషన్ బియ్యానికీ కోటా ఉంటుంది, రైల్వే టికెట్లకూ కోటా ఉంటుంది.

ఇట్లాంటివి ఒకటా, రెండా! 'గవర్నమెంటు అల్లుళ్లు' అంటారు. అల్లుడు అన్నది తెలుగింట్లో గౌరవం దక్కే మాటే. 'మీవాళ్లలా లేవే, చాలా నీట్‌గా ఉన్నావు' అంటారు. నీట్ మంచి మాటే. 'మెరిట్‌ని కూడా కాస్త బతకనివ్వండి' అంటారు. బతకనివ్వమనటంలో చెడేముంది? అగ్రకుల సంస్కారం బూతు వాడకుండానే అవమానించటం బాగా నేర్చుకుంది. బూతుల పట్టికతో కాపలా కాసే యంత్రం వీటన్నిటికీ తలుపు తీసి లోపలికి పంపిస్తుంది.

దీనికి ఎదురు జరిగేది చూడండి. ఒక దళిత మహిళ తన ఊళ్లో తన తల్లిని ఏమని తిట్టారో, ఆ తిట్టును యథాతథంగా రాసి, 'ఇది 2025. ఇంకా ఇట్లానే పిలుస్తున్నారు' అని పోస్టు పెట్టింది. అందులో కులం పేరు ఉంది, బూతు ఉంది, కోపం ఉంది. పట్టిక ప్రకారం అది మైనస్‌ల కుప్ప. పోస్టు పోతుంది. తిట్టినవాడి మర్యాద మిగులుతుంది, తిట్లు తిన్నామని చెప్పినవాళ్ల నోరు మూతపడుతుంది. పాత ఊరి న్యాయం కొత్త యంత్రంలో దూరటం అంటే ఇదే.

తెలుగు తనంతట తాను పెట్టే చిక్కులు

తెలుగు వాక్యంలో భావం చాలాసార్లు మాటలో ఉండదు, మాట తోకలో ఉంటుంది. 'న్యాయం జరిగింది' వేరు, 'న్యాయం జరిగిందట' వేరు, 'న్యాయం జరిగిందిలే' వేరు. చివర 'ట' చేర్చగానే ఆ మాట నాది కాదు, ఎవరో అన్నారు, నేను నమ్మను అనే అర్థం రావచ్చు. 'లే' చేర్చగానే నిట్టూర్పు వినిపించవచ్చు. 'గొప్పోడివే' అన్నప్పుడు సాగదీత వెటకారం కావచ్చు. 'లేకపోలేదు'లో రెండు కాదనటాలు కలిసి అవునవుతాయి. తోక కత్తిరించి మొదటి మాటనే చూసే ప్రోగ్రాముకు ఇవన్నీ ఒకటే.

దానికి తోడు జనం తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. 'బాగుంది' అన్న ఒక్క మాటకే నాలుగైదు స్పెల్లింగులు. మధ్యలో ఇంగ్లీషు మాటలు సరేసరి. తెలంగాణలో తల్లి ప్రేమగా పిలిచే 'కొడుకా' ఇంకోచోట కయ్యానికి కాలు దువ్వే మాట. పేపరు తెలుగుతో నేర్చుకున్న యంత్రానికి మాలపల్లె తెలుగు, మాదిగగూడెం తెలుగు మొరటుగా వినిపిస్తే ఆశ్చర్యం లేదు. బడిలో మన పిల్లల భాషను పంతుళ్లు మొరటన్నారు. యంత్రం చదివింది ఆ పంతుళ్లు రాసిన పుస్తకాలే కదా.

సందర్భం అంటే ఏమేమిటి?

సందర్భం అన్న మాటను అందరూ వాడతారు. విడగొట్టి చూస్తే అందులో కనీసం ఐదు వేర్వేరు సంగతులున్నాయి.

ఒకటి, సంభాషణ. ఈ పోస్టు దేనికి జవాబు? 'అవునవును, చాలా గొప్ప పని చేశారు' అన్నది రక్తదానం వార్త కింద ఉంటే మెచ్చుకోలు. గుడిలోకి దళితుల్ని రానివ్వలేదన్న వార్త కింద ఉంటే దెప్పిపొడుపు.

రెండు, రాసినవారి ధోరణి. ఈ మనిషి ఇంతకుముందు ఇదే విషయం మీద ఏం రాశాడు? రోజూ రిజర్వేషన్లను ఎగతాళి చేసేవాడు ఇవాళ 'అంబేద్కర్ గారికి దండాలు' అన్నాడంటే ఆ దండంలో ఏముందో ఆలోచించాలి.

మూడు, వినేవారితో సంబంధం. 'ఏరా' దగ్గర మనం చూసింది ఇదే.

నాలుగు, కాలం, సంఘటన. 'ఆగస్టు 6. మరిచిపోం' అని ఒక పోస్టు. పట్టికలో ఈ మాటలకు మార్కుల్లేవు. యంత్రం 'తటస్థం' అని గుర్తు వేస్తుంది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని చంపేశారని తెలిసినవారికి అందులో దుఃఖమూ, పంతమూ కనిపిస్తాయి. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నిందితులందర్నీ విడుదల చేసింది. ఆ రోజు తర్వాత ఎవరైనా 'చుండూరులో ఎవరూ ఎవర్నీ చంపలేదట' అని రాస్తే దాన్ని వార్తగా చదవగలమా?

ఐదు, సమూహం ఆ మాటకు ఇచ్చుకున్న అర్థం. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక వేలమంది 'మాదిగ' అన్న మాటను తమ పేరు చివర పెట్టుకున్నారు. నిన్నటిదాకా తిట్టుగా విసిరిన మాటను బిరుదుగా మార్చుకున్నారు. అదే మాట ఇంకొకడి నోట ఇప్పటికీ తిట్టే. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి వెలివేసిన ఐదుగురు దళిత పరిశోధకులు క్యాంపస్‌లో షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర టెంటు వేసుకుని దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. జనవరి 17న రోహిత్ వేముల చనిపోయాక ఆ పేరు దేశమంతా వినిపించింది. 'వెలి' అన్న మాటకు పట్టిక మైనస్ వేస్తుంది. 'సాయంత్రం వెలివాడ దగ్గర కలుద్దాం, జై భీమ్' అన్న పోస్టులో ఉన్నది ధైర్యం. 'జై భీమ్' కూడా అంతే. 2021 నవంబర్‌లో అదే పేరుతో సినిమా వచ్చాక, 'జై భీమ్ నచ్చలేదు' అన్నవాడు సినిమాను అంటున్నాడా, పలకరింపును అంటున్నాడా అన్నది చుట్టూ చూస్తే గానీ తెలీదు.

ఈ ఐదూ కలిసి పనిచేసే ఉదాహరణ ఒకటి. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ రాష్ట్రాలు చేసుకోవచ్చని సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ సాయంత్రం ఒక పోస్టు: 'ముప్పై ఏళ్లు! ఇవాళ తేలింది.' దండోరాలో నడిచినవారు రాస్తే పండగ. వర్గీకరణను వ్యతిరేకించినవారు రాస్తే బాధ. ఈ పోస్టును ఒంటరిగా తీసి భావం చెప్పమనటం యంత్రానికే కాదు, మనిషికీ అన్యాయమే.

సందర్భాన్ని యంత్రానికి ఎట్లా అందిస్తారు?

2014లో ఇటలీకి చెందిన ఆండ్రియా వాంజో, డానిలో క్రోచే, రొబెర్తో బజీలీ ఒక పద్ధతి ప్రతిపాదించారు. ట్వీటును ఒంటరిగా చూడొద్దు, ఒక వరసలో చివరిదిగా చూడాలి అన్నారు. ఆ వరస రెండు రకాలు: ఒకటి జవాబుల గొలుసు, రెండోది ఒకే హ్యాష్‌ట్యాగ్ కింద అంతకుముందు వచ్చిన ట్వీట్లు. ముందరి ట్వీట్లకు ఏ గుర్తులు పడుతున్నాయో చూసుకుంటూ చివరిదానికి గుర్తు వేస్తే ఫలితం మెరుగుపడిందని చూపించారు.

లెక్క ఎట్లా మారుతుందో ఊహా అంకెలతో చూద్దాం. 'కంగ్రాట్స్ బ్రో, సూపర్' అన్న మాటలు చూసి యంత్రం, ఇది నిజమైన మెచ్చుకోలు అనటానికి 7, వెటకారం అనటానికి 3 పాళ్ల సాక్ష్యం ఉంది అంటుంది. ఇప్పుడు పైకి చూస్తుంది. ముందున్న నాలుగు కామెంట్లూ రిజర్వేషన్ మీద ఎత్తిపొడుపులే. అట్లాంటి గొలుసులో తర్వాత వచ్చేది మెచ్చుకోలు అవటానికి 1 పాలు, ఎత్తిపొడుపు అవటానికి 9 పాళ్లు అనుకుందాం. రెండు సాక్ష్యాల్నీ గుణిస్తే 7కు 27. అంటే 34లో 7, నూటికి సుమారు 20 పాళ్లు మాత్రమే మెచ్చుకోలు. మాటలు చూసి 70 అన్నది, చుట్టూ చూసి 20కి దిగింది. మాటల్లో ఒక్కటీ మారలేదు.

రాసినవారిని, వినేవారిని కూడా లెక్కలోకి తెచ్చిన పని 2015లో డేవిడ్ బామన్, నోవా స్మిత్‌లది. ట్విట్టర్‌లో వెటకారాన్ని పట్టుకోవటానికి ట్వీటుతో పాటు రాసినవారి పాత ట్వీట్లు, ఎవరితో మాట్లాడుతున్నారు అన్న సమాచారం కలిపారు. కలిపినప్పుడు ఫలితం బాగుపడింది. వెటకారం ఎప్పుడూ ఇద్దరి మధ్య నడిచే వ్యవహారం కాబట్టి ఇందులో వింత లేదు.

2018లో గూగుల్ తెచ్చిన బెర్ట్‌తో ఇంకో మార్పు వచ్చింది. అంతకుముందు 2013 నాటి వర్డ్2వెక్ పద్ధతిలో ఒక మాటకు ఒకే అంకెల వరస ఉండేది. 'కోటా' ఎక్కడ వచ్చినా ఒకటే. బెర్ట్‌లో చుట్టూ ఉన్న మాటల్ని బట్టి ఆ వరస మారుతుంది. పైనున్న పోస్టునూ, కిందున్న జవాబునూ కలిపి ఇస్తే రెంటినీ కలిపి చదువుతుంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద భాషా నమూనాలు ఇంకా పొడుగాటి సంభాషణలు చదవగలవు. అయితే వాటికీ ఒక హద్దుంది. మనం చేతికిచ్చినదీ, అవి నేర్చుకున్న రాతలో ఉన్నదీ తప్ప ఇంకోటి వాటికి తెలీదు. రాతలోకి ఎక్కని మన అనుభవం వాటి లెక్కలోకీ ఎక్కదు.

సందర్భం కలిపితే చాలా?

చాలదు. 2020లో జాన్ పావ్లోపులోస్, అతని సహచరులు వికీపీడియా చర్చల్లోని వ్యాఖ్యలు తీసుకుని ఈ ప్రశ్నే వేశారు. సందర్భం చూపించినప్పుడు మనుషుల తీర్పు మారుతుందని తేల్చారు. కొన్ని వ్యాఖ్యలు మరింత విషపూరితంగా కనిపించాయి, కొన్ని తక్కువగా కనిపించాయి. ఒక పరిశీలనలో నూటికి 5 వ్యాఖ్యలకు తీర్పు పూర్తిగా తిరగబడింది. కానీ సందర్భం ఇచ్చినంత మాత్రాన యంత్రాల పనితీరు మెరుగుపడ్డ దాఖలా వారికి దొరకలేదు.

నూటికి 5 అంటే తక్కువే కదా అనొచ్చు. ఆ ఐదు ఎవరివి అన్నదే మన ప్రశ్న. అందరికీ సమానంగా పడితే అది లెక్కలో చిన్న పొరపాటు. పరోక్షంగా తిట్లు తినేవారికీ, తిట్టును తిరగేసి బిరుదు చేసుకున్నవారికీ ఎక్కువగా పడితే అది వివక్ష. నూటికి 95 సరిగ్గా చెప్పే యంత్రం మిగిలిన ఐదింటిలో ఎప్పుడూ ఒకే వాడ తలుపు తడుతుంటే, దాన్ని మంచి యంత్రం అని ఎట్లా అంటాం?

ఇది ఊహ కాదనటానికి అమెరికా అనుభవం ఉంది. 2019లో మార్టెన్ సాప్, అతని సహచరులు ద్వేషపు మాటల్ని పట్టుకునే యంత్రాలను పరీక్షించారు. నల్లవారి ఇంగ్లీషులో రాసిన ట్వీట్లకూ, తాము నల్లవారమని చెప్పుకున్నవారి ట్వీట్లకూ 'అభ్యంతరకరం' అన్న గుర్తు పడే అవకాశం మిగతావాటికంటే రెండింతల దాకా ఉందని తేలింది. యంత్రం దీన్ని ఆకాశం నుంచి తేలేదు. నేర్పటానికి గుర్తులు వేసిన మనుషుల దగ్గర నేర్చుకుంది. అదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఇది ఫలానా యాస, రాసినవారు నల్లవారు కావచ్చు అని ముందే చెప్పి గుర్తులు వేయమంటే, అభ్యంతరకరం అన్న తీర్పులు తగ్గాయి. అంటే సందర్భం ముందుగా కావలసింది యంత్రానికి కాదు, యంత్రానికి నేర్పే మనిషికి.

తెలుగులో ఇది మరీ ముఖ్యం. తెలుగు-ఇంగ్లీషు కలిసిన రాతలో ద్వేషాన్ని, తిట్లను పట్టుకునే పోటీ 2024లో ద్రావిడ భాషల సాంకేతిక సదస్సులో జరిగింది. పని మొదలైంది, సంతోషం. ఇట్లాంటి ప్రతి పనిలోనూ మనం అడగాల్సిన ప్రశ్న ఒకటే: గుర్తులు వేసింది ఎవరు? మామూలుగా ఒక్కో పోస్టును ముగ్గురు చదువుతారు, ఇద్దరు ఏమంటే అదే ఖాయం. 'గవర్నమెంటు అల్లుళ్లు' అన్న మాట దగ్గర ఇద్దరు నవ్వుకుని 'సరదా' అని రాశారు, మూడోవాడు, ఆ మాట పడ్డవాడు, 'అవమానం' అని రాశాడు. 2-1తో అది సరదా అయిపోయింది. మూడోవాడి గుర్తును శబ్దం కింద లెక్కేసి కొట్టేస్తారు. అక్కడ సందర్భం తెలిసిన ఒకే ఒక్క మనిషి అతనే.

కోర్టు చదివిన తీరు

మాటను సందర్భంతో చదవాలన్నది కంప్యూటర్లతో వచ్చిన ఆలోచన కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. అవమానించాలన్న ఉద్దేశం, పదిమందికి కనిపించే చోటు అనే రెండు షరతులు అందులోనే ఉన్నాయి. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు 'చమార్' అన్న మాట వచ్చింది. అది ఒక కులం పేరు మాత్రమే కదా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, మాట పుట్టుకలో ఉన్న అర్థాన్ని కాకుండా ఇవాళ జనం వాడుకలో దానికి వచ్చిన అర్థాన్ని చూడాలని కోర్టు చెప్పింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ కులం పేరుతో తిట్టటాన్ని విడిగా నేరంగా చెప్పింది. 2022లో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియో ద్వారా చేసిన అవమానం కూడా పదిమందికి కనిపించే చోట చేసినట్టేనని తీర్పు ఇచ్చింది.

అంటే చట్టం అడిగేవి: ఎవరు, ఎవరిని, ఏ ఉద్దేశంతో, ఎవరి ముందు అన్నారు? పదాల పట్టిక ఈ నాలుగింటిలో ఒక్కటీ అడగదు.

సందర్భం పేరుతో వచ్చే ప్రమాదం

ఇక్కడ మనం జాగ్రత్తగా ఉండాలి. సందర్భం కావాలి అనగానే యంత్రం చేసే మొదటి పని రాసినవారి గురించి ఎక్కువ తెలుసుకోవటం. పేరేంటి, ఇంటిపేరేంటి, ఊరేంటి, ఎవరితో స్నేహం, ఏ బొమ్మ పెట్టుకున్నారు? ఇవి కలిపితే కులం తేలిపోతుంది. ఊళ్లో కొత్త మనిషి రాగానే 'మీరెవర్లు?' అని అడిగే పని యంత్రం చడీచప్పుడు లేకుండా చేసేస్తుంది. ఆపైన 'ఈ పేర్లవాళ్లు కోపంగా రాస్తారు' అని నేర్చుకుంటే, మన కోపానికి కారణమేమిటో చూడకుండా మన పేరునే నేరానికి సాక్ష్యం చేస్తుంది. పోలీసుల చేతికి అట్లాంటి యంత్రం వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

కాబట్టి తేడా చేసుకోవాలి. సంభాషణ, కాలం, సంఘటన, సమూహం వాడుక అన్నవి మాట చుట్టూ ఉన్న సందర్భం. వాటిని వాడాలి. మనిషి కులాన్ని ఊహించి పట్టీ కట్టటం మాట సందర్భం కాదు, మనిషి మీద నిఘా. దాన్ని ఒప్పుకోకూడదు. నేను ఫలానా అని ఒకరు తమంతట తాము చెప్పుకున్నప్పుడు, ఆ పోస్టు వరకు దాన్ని వాళ్లకు అనుకూలంగా వాడుకోవచ్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మంచి, చెడు, తటస్థం అనే మూడు పెట్టెలు మనకు సరిపోవు. 2016లో సైఫ్ మొహమ్మద్, సహచరులు ఇచ్చిన ట్వీట్ల పోటీలో భావం వేరు, వైఖరి వేరు అని విడగొట్టారు. కోపంగా రాసినవారు న్యాయం పక్షాన ఉండొచ్చు, నవ్వుతూ రాసినవారు దానికి ఎదురు ఉండొచ్చు. 'కారంచేడు గుర్తొస్తే రక్తం మరిగిపోతుంది' అన్న మాటను, దళితుల మీద రక్తం మరిగిపోయేవాడి మాటతో పాటు ఒకే చెడు పెట్టెలో వేస్తే, దెబ్బ తిన్నవాడినీ కొట్టినవాడినీ ఒకే జైలు గదిలో పెట్టినట్టే. భావం ఏమిటి అని అడిగాక, ఆ భావం ఎవరి మీద అని కూడా అడగాలి.

చేయాల్సిన పని

ఈ పని చేయగలవారు మన మధ్య ఉన్నారు. యూనివర్సిటీల్లో భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్సు చదువుతున్న దళిత విద్యార్థులు ఉన్నారు. పోస్టులకు గుర్తులు వేసేటప్పుడు ఒంటరి వాక్యం ఇవ్వకుండా, పైనున్న రెండు మూడు మాటలూ, తేదీ, ఏ సంఘటన మీద రాశారో కలిపి ఇవ్వాలి. గుర్తులు వేసేవారిలో ఆ మాటలు పడ్డ కులాలవారు, ముఖ్యంగా ఆడవాళ్లు ఉండాలి. వాళ్ల శ్రమకు కూలి కట్టాలి. ముగ్గురిలో ఒక్కరు అవమానం అంటే ఆ ఒక్క గుర్తును చెరిపేయకుండా దాచాలి. ఏ జిల్లాలో ఏ మాటను ఎట్లా వాడి కించపరుస్తారో, ఏ మాటను మనం తిరగేసి సొంతం చేసుకున్నామో రాసిపెట్టిన కోశం ఒకటి మనమే తయారు చేసుకోవాలి. యంత్రం ఎన్ని సరిగ్గా చెప్పింది అన్న మొత్తం లెక్కతో పాటు, దళితుల పోస్టుల్లో ఎన్ని తప్పు చెప్పింది అన్న లెక్క విడిగా అడగాలి. పోస్టు తీసేసినప్పుడు ఎందుకు తీశారో తెలుగులో చెప్పించుకునే హక్కు, మనిషి చేత మళ్లీ చదివించుకునే హక్కు ఉండాలి.

'ఏరా' అన్న మాటలో ఉన్న తేడాను మన అవ్వలు, తాతలు ఒక్క చూపుతో కనిపెట్టేవాళ్లు. అది వాళ్లకు తిట్లు తిని, తల దించి, మళ్లీ తలెత్తి సంపాదించుకున్న జ్ఞానం. ఆ జ్ఞానం ఏ కోశంలోనూ లేదు. రాసిపెట్టే పని మనదే, ఇంకా చెప్పగలిగే నోళ్లు మన మధ్య ఉండగానే.